పరిశ్రమ కోడ్: మోడల్‌ని అడగాల్సిందేమిటి?

ప్రశ్న: వేలాది కంపెనీల వివరణలు ఇచ్చి, ఐసిక్ (ఐక్యరాజ్యసమితి రూపొందించిన పరిశ్రమల వర్గీకరణ) నాలుగో సవరణ ప్రకారం నాలుగంకెల కోడ్ చెప్పమని భాషా మోడల్‌ని అడుగుతున్నాను. చెప్పులు తయారుచేసే కంపెనీలు చాలావరకు చిల్లర వర్తకంలో పడుతున్నాయి. ఎందుకు?

జవాబు: చిక్కంతా నేరుగా కోడ్ అడగడంలోనే ఉంది. కంపెనీలు తమ షాపుల గురించి పేజీలకు పేజీలు రాసుకుంటాయి, ఫ్యాక్టరీకి ఒక్క వాక్యం దక్కుతుంది. మోడల్ ఎక్కువ రాసినదాని వైపే మొగ్గుతుంది. ఐసిక్ చూసేది అదనపు విలువని, అంటే కొన్న సరుకు, సేవల ఖరీదు తీసేశాక కంపెనీ సొంతంగా జోడించిన విలువని, అదీ పై మెట్టు నుంచి కిందికి.

ఒక కంపెనీ అదనపు విలువలో చెప్పుల తయారీ (1520) 30 శాతం, తోలు సంచుల తయారీ (1512) 25, చెప్పుల చిల్లర అమ్మకం (4771) 45 అనుకుందాం. విడిగా చూస్తే 4771దే పైచెయ్యి. కానీ తయారీ విభాగం 'సి' మొత్తం 55, వర్తక విభాగం 'జి' 45. ముందు 'సి' ఖాయమవుతుంది, దాని లోపల 1520 తేలుతుంది.

అందుకే మోడల్ చేత కార్యకలాపాల జాబితా మాత్రమే రాయించండి. ప్రతిదానికీ ఆధారమైన వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఎత్తి చూపించాలి. వాటాలు ఆర్థిక నివేదికల నుంచి తీసుకుని, ఎంపికని మామూలు ప్రోగ్రామ్‌కి వదలండి. అదనపు విలువ దొరకలేదని అమ్మకాలు వాడితే వర్తకం ఉబ్బిపోతుంది, కొన్న సరుకు ఖరీదు కూడా అందులోనే ఉంటుంది కనుక. ఉద్యోగుల సంఖ్య నయం.

కోడ్‌లని మోడల్ జ్ఞాపకం నుంచి చెప్పనివ్వకండి. సాఫ్ట్‌వేర్‌కి మూడో సవరణలోని 7220 ఇచ్చేస్తుంది, నాలుగోదాంట్లో ప్రోగ్రామింగ్ 6201. నాలుగోదాంట్లోని మొత్తం 419 తరగతుల్లోంచి (నాలుగంకెల కోడ్‌లు) దగ్గరగా ఉన్న పది పదిహేను వెతికి, 'ఇవి చేరతాయి, ఇవి చేరవు' అనే వివరణలతో సహా ముందుంచండి. 'తేల్చలేను' అనే జవాబుకీ చోటుండాలి. తయారీ మొత్తం బయటివాళ్లకి అప్పగించిన కంపెనీలకి అది తప్పనిసరి: ముడిసరుకు సొంతమైతేనే అవి తయారీ కిందికి వస్తాయి. ఆ ముక్క వివరణలో అరుదుగా ఉంటుంది.

ప్రశ్న: మోడల్ తనకు 95 శాతం నమ్మకం ఉందంటోంది. అది చాలదా?

జవాబు: చాలదు. తప్పు కోడ్‌కీ అదే ధీమా చూపిస్తుంది. ఓ 400 కంపెనీలకి ఇద్దరు మనుషులు విడివిడిగా కోడ్‌లిచ్చాక, వాటిని మోడల్ జవాబులతో విభాగాలవారీగా పోల్చండి. పెద్ద కంపెనీలన్నిటినీ చేత్తోనే సరిచూడండి. అలాంటిది ఒక్కటి తప్పినా రంగం మొత్తం లెక్క మారిపోతుంది. పాత సంవత్సరాల విశ్లేషణైతే కంపెనీ పేరు దాచి, ఆ ఏటి వివరణే ఇవ్వండి. లేకపోతే పేరు గుర్తుపట్టి మోడల్ తర్వాతి కాలపు వ్యాపారాన్ని పాత ఏడాదికి అంటగడుతుంది.