కుండీలు జరిపే బండి కొనే ముందు

అమ్మణ్ణీ,

మొన్న ఫోన్‌లో నువ్వు చెప్పిన మాట మనసులోనే ఉండిపోయింది. ఒక్కో కుండీ కింద ఒక్కో చక్రాల స్టాండు, మొత్తం 12 తెప్పిస్తానన్నావు. డబ్బు కట్టకముందే ఇది చదువు.

ముందు బరువు చూసుకోవాలి. నీ నిమ్మచెట్టు ఉన్న 18 అంగుళాల సిమెంటు కుండీలో సుమారు 60 లీటర్ల మట్టి పడుతుంది. మన ఎర్రమట్టి తడిస్తే లీటరుకు ఒకటిన్నర కిలో పైనే తూగుతుంది. మట్టి బరువే 90 కిలోలు దాటిందన్నమాట. కుండీ, చెట్టు కలిస్తే 120 కిలోల పైమాటే. పెద్ద కుండీకి 10 లీటర్ల నీళ్లు పోశావంటే ఇంకో 10 కిలోలు చేరినట్టే. అందుకే జరపాలనుకున్న రోజు తెల్లారే నీళ్లు పోయకూడదు. జరిపాక పోసుకో.

ఇక నీ ఇంట్లో కుండీ నడవాల్సిన దారి. వరండాలో టైల్స్, తర్వాత మూడు మెట్లు, కింద కడప బండలు, ఆ తర్వాత మట్టి. స్టాండు చక్రాలు మహా అయితే 2 అంగుళాలు ఉంటాయి. టైల్స్ మీద చక్కగా పోతాయి. బండల సందులో ఒక్క చక్రం పడిందంటే స్టాండు అక్కడే ఆగిపోతుంది, పైనున్న కుండీ ముందుకు వాలుతుంది. మట్టిలోనైతే అసలు కదలదు. అట్లాంటివి నేనూ నాలుగు కొన్నాను. రెండింటి చక్రాలు తొలి ఎండాకాలానికే విరిగిపోయాయి. నీకు వరండాలో ఎండ కోసం అటూ ఇటూ జరిపే అడీనియం కుండీలకు రెండు స్టాండ్లు చాలు. బ్రేకు ఉన్నవే తీసుకో, ఇంట్లో చిన్నపిల్లోడు ఉన్నాడు కదా.

గ్యాస్ సిలిండర్ కింద పెట్టే చక్రాల స్టాండు వాడొచ్చా అని మీ అత్తగారు అడిగారన్నావు. నిండు సిలిండర్‌లో గ్యాసు 14.2 కిలోలు, ఇనుముతో కలిపి 30 కిలోల దాకా ఉంటుంది. ఆ స్టాండు ఆ బరువుకే చేసింది. 12 అంగుళాల ప్లాస్టిక్ కుండీ వరకు ఫరవాలేదు, అంతకు మించితే వద్దు.

నీకు కావలసింది గోదాముల్లో బస్తాలు తోసే రెండు చక్రాల ట్రాలీ. ఒక్కటి కొంటే 12 కుండీలకూ సరిపోతుంది. చిత్తూరు బెల్లం మండీలో 30 ఏళ్లు లెక్కలు రాశాను, ఎదురుగా హమాలీలు పని చేస్తుంటే చూస్తూనే ఉన్నాను. పని తెలిసినవాడు బరువును ఎత్తడు, ఒరిగిస్తాడు. ట్రాలీని వెనక్కి వాల్చినప్పుడు ఒకచోట చేతులకు బరువు తెలియకుండా పోతుంది. అక్కడ భారమంతా చక్రాల మీద కూర్చుంటుంది. ఆ చోటు చేతికి దొరికితే నువ్వే తోసుకుపోగలవు, అల్లుడు డ్యూటీ నుంచి వచ్చేదాకా ఎదురుచూడక్కర్లేదు.

చక్రాలు 8 నుంచి 10 అంగుళాలు ఉండాలి. గాలి నింపే రబ్బరు చక్రమైతే మట్టిలో, గులకరాళ్లలో దిగబడదు, కానీ పంక్చర్ బాధ ఉంటుంది. గట్టి రబ్బరుకు ఆ బెడద లేదు, నీ పెరటికి అదే మేలు. 200 కిలోలు మోస్తుందని రాసి ఉంటే నేను 120 వరకే నమ్ముతాను. కింది ఇనుప పలకకూ నిలువు కడ్డీలకూ మధ్య వెల్డింగ్ వేలితో తడిమి చూడు, విరిగేది అక్కడే. ఆ పలక వెడల్పు కుండీ అడుగుకు సరిపోకపోతే పైన ప్లైవుడ్ ముక్క వేసుకోవచ్చు. గుండ్రటి కుండీ పక్కకు జారకుండా పాత సైకిల్ ట్యూబుతో కట్టు. తాడు కంటే అది బాగా పట్టుకుంటుంది. వెనక గోనెసంచి మడిచి పెడితే అంచు పగలదు.

మెట్ల మీద ఏటవాలుగా చెక్క పలక వెయ్యి. అడుగు ఎత్తుకు నాలుగడుగుల పలక వేస్తే 100 కిలోల కుండీని పైకి లాగడానికి పాతిక కిలోల బలం, చక్రాల రాపిడికి మరి కాస్త చాలు. పలక కింది చివర జారకుండా ఇటుక అడ్డం పెట్టు. దించేటప్పుడు కుండీ నీకంటే కింద ఉండాలి, నువ్వు పైనుంచి పట్టుకుని మెల్లగా వదలాలి. కుండీకి దిగువన ఎవరూ నిలబడొద్దు.

మిద్దె మీదికి మాత్రం పెద్ద కుండీలు వద్దు. మనుషులు తిరిగే మిద్దెకు మామూలుగా చదరపు మీటరుకు 150 కిలోల బరువు లెక్కగట్టి కడతారు. నీ సిమెంటు కుండీలు రెండు పక్కపక్కన పెడితే ఆ లెక్క దాటిపోతుంది.

2021 నవంబరులో తిరుపతి వీధులు ఏరులైన ఆ వానల్లో చిత్తూరులో మాకూ అదే పరిస్థితి. నానిపోయిన కుండీని ఆదరాబాదరాగా అంచు పట్టుకుని లేపాను. అంచు ఊడి చేతికొచ్చింది, నడుము పట్టేసింది. నెల రోజులు మంచం దిగలేదు, మీ పెద్దమ్మ ఎంత అవస్థ పడిందో నీకు తెలుసు. అందుకే ఇంత పట్టుబట్టి చెబుతున్నాను. వానల కోసం జరపాల్సినవి అక్టోబరు మొదట్లోనే, మట్టి పొడిగా ఉండగా జరిపెయ్. ఎండలకైతే మార్చి దాటనివ్వొద్దు.

అంగట్లో ట్రాలీ మీద ఒక సిమెంటు బస్తా పెట్టించి తోసి చూడు, అది 50 కిలోలు. చక్రం ఊగినా, పిడి నీ నడుము కంటే కిందికి ఉన్నా వదిలెయ్. వచ్చే ఆదివారం నేను బస్సెక్కి వస్తాను. నేను వచ్చేదాకా ఆ నిమ్మచెట్టు కుండీని కదిలించొద్దు.

ఇట్లు,
మీ పెదనాయన