400 కి.మీ. ఎత్తులో స్పేస్ ఎలివేటర్ లోంచి దూకితే ఐ.ఎస్.ఎస్. (అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం) లాగా తిరుగుతామా?

తిరగవు తమ్ముడూ, నేరుగా కింద పడతావ్, గాలి పొరల్లోకి వచ్చేసేదానికి అయిదు నిమిషాలు కూడా పట్టదు. స్పేస్ ఎలివేటర్ అంటే భూమి నుంచి అంతరిక్షం దాకా కేబుల్ కట్టి దాని మీద పైకి పోవాలనుకునే లిఫ్ట్. దాన్ని మన అనంతపురంలోనే కట్టొచ్చా అని కూడా అడిగినావు కదా, అది చివర్లో చెప్తా. నేనేం సైంటిస్టును కాదబ్బా, ఈడ మిద్దెల మీద డిష్ లు బిగించే పని నాది, కానీ ఈ లెక్క మా పనిలోనే ఉంది.

పైకి పోయేకొద్దీ బరువు పోతాదని అందరూ అనుకుంటారు, యాడికి పోతాది? 400 కి.మీ. దగ్గర కూడా భూమి లాగేది నేల మీద లాగేదాంట్లో 88 శాతం ఉంటాది, ఆ లిఫ్ట్ లో 70 కిలోల మనిషి కాటా ఎక్కితే 62 దాకా చూపిస్తాది. ఐ.ఎస్.ఎస్. పడకుండా ఉండేది సెకనుకు 7.66 కి.మీ. స్పీడుతో పక్కకి పోతాంది కాబట్టి. ఎలివేటర్ కేబుల్ భూమికి కట్టేసింది, రోజుకి ఒకే చుట్టు, ఆ ఎత్తులో దానికి సెకనుకు అర కిలోమీటరు స్పీడు కూడా రాదు.

ఇప్పుడు మా డిష్ సంగతి చూడు. 83 డిగ్రీల ఈస్ట్ శాటిలైట్ కి అనంతపురంలో ఎలివేషన్ (డిష్ ని పైకెత్తే కోణం) 72 డిగ్రీల దగ్గర పెట్టి, దక్షిణం నుంచి కొంచెం తూర్పుకు తిప్పి, సిగ్నల్ క్వాలిటీ చూసుకుంటా వెంట్రుకవాసి వెంట్రుకవాసి జరుపుతాం, అది ఎక్కినాక బోల్టు బిగిస్తే కోతులు ఊగితే తప్ప మళ్ళా ముట్టే పని లేదు. ఎందుకంటే ఆ శాటిలైట్ ఉండే 35,786 కి.మీ. ఎత్తులో ఒక చుట్టుకి పట్టేది 23 గంటల 56 నిమిషాలు, భూమికీ అంతే. కేబుల్ స్పీడు, ఆర్బిట్ స్పీడు (పడకుండా గుండ్రంగా తిరిగేదానికి కావాల్సిన స్పీడు) రెండూ సెకనుకు 3.07 కి.మీ. అయ్యి కలిసేది ఆ ఒక్క చోటే, ఆడ తలుపు తీసి బయటికొస్తే లిఫ్ట్ పక్కనే తేలతా ఉంటావ్.

అసలు మజా మిగతా ఎత్తుల్లో ఉంది. సుమారు 23,400 కి.మీ. లోపల యాడ వదిలినా భూమికి తగలాల్సిందే, అది దాటి వదిలితే కోడిగుడ్డు ఆకారంలో చుట్టూ తిరుగుతాది గానీ పడదు. 35,786 పైన కేబుల్ స్పీడు ఆర్బిట్ కి కావాల్సినదానికంటే ఎక్కువైపోతాది, బయటికి లాగుతాది, ఆ లాగుడే కింది కేబుల్ నంతా బిగుతుగా నిలబెట్టేది, అందుకే చివర్లో పెద్ద బరువు కట్టాలంటారు. ఇంకా పోయి 46,700 దాటినాక వదిలితే వడిసెల్లోంచి రాయి పోయినట్టు రాకెట్ లేకుండానే భూమిని వదిలి పోతాది. 1960లో అర్త్సుతానోవ్ అనే రష్యా ఇంజినీరు, ఆ 35,786 ఎత్తు నుంచి కేబుల్ కిందికి దింపుదాం, రెండో కొన పైకి వదులుదాం అని చెప్పింది ఈ లెక్కతోనే. స్టీలు అయితే దాని బరువుకే తెగిపోతాది, అది వేరే గొడవ.

అనంతపురంలో అంటావా, మన డిష్ లన్నీ దక్షిణం చూస్తాయి కదా, ఆ శాటిలైట్లు ఉండేది భూమధ్యరేఖ పైన, మనకి దక్షిణంగా 1,600 కి.మీ. దూరంలో, కన్యాకుమారి కూడా దాటి సముద్రంలో. ఈడ కడితే కేబుల్ నిటారుగా నిలబడదు, దక్షిణానికి వాలిపోతాది. సముద్రంలో జరిపే ప్లాట్‌ఫాం మీద కట్టాలనే ప్లాన్ కూడా ఉంది, తుఫాను వస్తే పక్కకి జరుపుకోవచ్చని.