విండోస్ 95 లాప్‌టాప్‌లో వీడియో మచ్చలు మచ్చలుగా వస్తుంటే

విండోస్ మళ్లీ వేశాక ఏవీఐ (పాత విండోస్ వీడియో ఫైలు రకం) వీడియో చుక్కలు, మచ్చలతో వస్తోందన్నారు కదా. ఫైలు తప్పు కాకపోవచ్చు, స్క్రీన్ 16 రంగుల్లో ఉండిపోయి ఉంటుంది. స్క్రీన్ మీద బొమ్మ చూపించే గ్రాఫిక్స్ చిప్‌ను గుర్తుపట్టకపోతే విండోస్ మామూలు వీజీఏ డ్రైవర్‌తో (దాదాపు ఏ చిప్‌తోనైనా పనిచేసే సాదా ప్రోగ్రాంతో) సరిపెట్టేస్తుంది.

1. డెస్క్‌టాప్ మీద రైట్ క్లిక్ చేసి ప్రాపర్టీస్, అందులో సెట్టింగ్స్ చూడండి. 16 రంగులు తప్ప వేరే ఎంపిక లేకపోతే సమస్య ఇదే.

2. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. రంగుల జాబితాతో కుస్తీ పడొద్దు. అదే పేజీలో చేంజ్ డిస్‌ప్లే టైప్ బటన్ నొక్కి, అడాప్టర్ దగ్గర మీ చిప్ పేరు ఎంచుకోండి. పేరు తెలియకపోతే, చాలా మిషన్లలో ఆన్ చేయగానే పై లైన్లలో ఒక్క క్షణం కనబడుతుంది. ఫోన్‌తో వీడియో తీసి, ఆపి చదువుకోండి (నేనూ అలాగే పట్టుకున్నాను).

3. రీస్టార్ట్ చేసి 256 రంగులు పెట్టండి. వీడియో మెమరీ (గ్రాఫిక్స్ చిప్ వాడుకునే మెమరీ) 512 కేబీ అయితే 640×480లో అంతకు మించి రాదు. 1 ఎంబీ ఉంటే 16 బిట్ (16 రంగులు కాదు, వేల రంగులు) పెట్టి చూడండి.

4. 256లో 20 రంగులు విండోస్ తన దగ్గరే ఉంచుకుంటుంది. మిగతా 236 ముందున్న విండోకి వెళ్తాయి. కాబట్టి ప్లేయర్‌ను ముందు ఉంచండి. వెనక బొమ్మల రంగులు మారితే టెన్షన్ పడకండి.

ఇంకా ఆగి ఆగి వస్తుంటే వీడియోను సినీప్యాక్‌లో (వీడియోను కుదించే పాత పద్ధతి), 320×240 సైజులో, సెకనుకు 15 ఫ్రేములతో మళ్లీ తయారుచేయండి. 486 లాంటి పాత ప్రాసెసర్ మీద అంతకంటే ఆశించలేం.