ఆఫ్రికా ఒక్కటైతే పలాసకు పిక్కలొస్తాయా?

ప్రశ్న: సార్, మా జీడి ఫ్యాక్టరీకి ఆఫ్రికా పిక్కలే ఆధారం. అక్కడి దేశాలన్నీ ఒకే మార్కెట్ అవుతున్నాయట. మాకు సరుకు ఆగిపోతుందా?
- ఒక వ్యాపారి, పలాస

జవాబు: మీరు చెప్పేది ఆఫ్రికా దేశాల స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం. దాని గురించి టెన్షన్ అక్కర్లేదండీ. 2018లో రువాండా రాజధాని కిగాలీలో కుదిరింది, 2021 జనవరి 1న దాని కింద వ్యాపారం మొదలైంది. ఎరిట్రియా తప్ప 54 దేశాలు సంతకం చేశాయి. వాళ్లలో వాళ్లు సుంకాలు తగ్గించుకోవడానికే అది, మనకు అమ్మొద్దని కాదు. అసలు చిక్కు వేరే ఉంది. పిక్క మనకమ్మి, పప్పు మీద లాభం వదులుకోవడం వాళ్లకిక ఇష్టం లేదు. పశ్చిమ ఆఫ్రికా దేశం బెనిన్ 2024లో పచ్చి పిక్కల ఎగుమతిపై నిషేధమే పెట్టింది. (మనమైనా అదే చేస్తాం లెండి!) సుంకాలు తగ్గితే పొరుగు దేశం పిక్కలు కూడా అక్కడి ఫ్యాక్టరీలకే వెళ్లొచ్చు. కాబట్టి ఒక్క దేశాన్నే నమ్ముకోకండి. ముందు ఉద్దానం రైతుకు మంచి ధర ఇవ్వండి.