పవర్ అంటే శక్తి కాదా?

సందేహం: మా అమ్మాయి పదో తరగతి, తెలుగు మీడియం. ఒక ఇస్త్రీపెట్టె 230 వోల్టుల మీద 5 ఆంపియర్ల కరెంటు తీసుకుంటుందని లెక్క ఇస్తే 'నిరోధకత 46 ఓమ్‌లు, శక్తి 1150 వాట్లు' అని రాసింది. అంకెలు సరిపోయినా మాటలు తప్పని రెండు మార్కులు తీసేశారు. 'నిరోధం', 'సామర్థ్యం' అని రాయాలట. పవర్ అంటే శక్తి కాదా? నిరోధానికీ నిరోధకతకీ అంత తేడా ఉందా?

సమాధానం: 230ని 5తో భాగిస్తే 46, గుణిస్తే 1150. లెక్కలో పేచీ లేదు, పేర్లతోనే వచ్చింది తంటా.

ముందు శక్తి సంగతి. వాడుకలో మీరన్నదే నిజం. 'ఆ పని చేసే శక్తి నాకు లేదు' అన్నా, 'ఆ పని చేసే సామర్థ్యం నాకు లేదు' అన్నా వినేవాడికి పెద్ద తేడా తెలియదు. శక్తికి మూలమైన సంస్కృత ధాతువు 'శక్'కి చేయగలగడం అని అర్థం. సామర్థ్యం అంటే సమర్థుడి గుణం. తిప్పి తిప్పి ఇద్దరూ ఒకింటి అక్కచెల్లెళ్లే. పాఠ్యపుస్తకాలు రాసినవాళ్లు ఆస్తి పంపకాలు చేసి ఎనర్జీకి శక్తినీ, పవర్‌కి సామర్థ్యాన్నీ రాసిచ్చేశారు. ఇది వ్యాకరణం చెప్పిన తేడా కాదు, శాస్త్రం కోసం కుదుర్చుకున్న ఒడంబడిక. అందుకే ఎంత భాష వచ్చినవాళ్లయినా పుస్తకం చూడకపోతే ఇక్కడ తప్పటడుగు వేస్తారు.

ఒడంబడిక అయినా అవసరమైనదే. మీ ఇంటి మీటరునే చూడండి. ఆ 1150 వాట్ల ఇస్త్రీపెట్టెను రెండు గంటలు వాడితే 2300 వాట్-గంటలు, అంటే 2.3 యూనిట్లు కాలుతుంది (మధ్యలో వేడెక్కి అదే ఆగిపోయే సమయాన్ని పక్కన పెడదాం). బిల్లు ఈ 2.3కి వస్తుంది, 1150కి కాదు. ఎంత జోరుగా తాగుతోందో చెప్పేది సామర్థ్యం, మొత్తం ఎంత తాగిందో చెప్పేది శక్తి. వాట్లు కనిపిస్తే సామర్థ్యం, యూనిట్లో జౌళ్లో కనిపిస్తే శక్తి. ఒక యూనిట్ అంటే 36 లక్షల జౌళ్లు. రెంటినీ 'శక్తి' అనేస్తే పెట్టె ఎంతసేపు వాడామన్నది మాటలోంచి జారిపోతుంది.

ఈ పంపకాలకు లొంగని మాట ఒకటుంది, 'అశ్వశక్తి'. హార్స్ పవర్ అంటే సుమారు 746 వాట్లు. వాట్లు కాబట్టి లెక్క ప్రకారం 'అశ్వసామర్థ్యం' అనాలి. కానీ బోరు దగ్గర నిలబడి 'మీది ఎన్ని అశ్వసామర్థ్యాల మోటారండీ?' అని అడిగి చూడండి, రైతు నవ్వుతాడు. ఆయనకది ఐదు హెచ్‌పీ మోటారు. అశ్వశక్తిని అలాగే ఉండనివ్వడమే నా ఓటు.

ఇక నిరోధం. అడ్డుకోవడమనే అర్థమున్న 'రుధ్' ధాతువుకి 'ని' చేరితే నిరోధం, అంటే అడ్డు. ఆ అడ్డుకునే వస్తువు నిరోధకం. వంటవాడికి పాచకుడన్నట్టు, ఆ చివరి 'క' పనిచేసేవాణ్ణి చూపిస్తుంది. దానికి 'త' తగిలిస్తే నిరోధకత, అడ్డుకునే స్వభావం. పాఠంలో నిరోధం ఆ వస్తువుకి చెందింది, నిరోధకత అది దేంతో తయారైందో ఆ పదార్థానికి చెందింది. రెండోదాన్ని 'విశిష్ట నిరోధం' అని కూడా రాస్తారు.

కరెంటు స్టవ్‌లో కాయిల్ తెగితే మన ఇళ్లలో చేసే పని ఉంది కదా, కొసలు లాగి, మెలేసి మళ్లీ పెట్టడం. అలా చేస్తే పాడైన ముక్క పోయి తీగ కురచవుతుంది. 46 ఓమ్‌ల తీగ 40 ఓమ్‌లకు దిగిందనుకోండి. అదే 230 వోల్టుల మీద ఇప్పుడు 5.75 ఆంపియర్లు లాగుతుంది, సామర్థ్యం 1322.5 వాట్లకు ఎక్కుతుంది. కాయిల్ మునుపటికంటే ఎర్రగా మండి తొందరగా మళ్లీ తెగేది అందుకే. ఇక్కడ తగ్గింది నిరోధం. తీగ అదే నైక్రోమ్ (నికెల్, క్రోమియం కలిపిన మిశ్రమ లోహం) కాబట్టి నిరోధకత పెద్దగా మారలేదు. దానికి కొలత కూడా వేరు, ఓమ్‌లు కాదు, ఓమ్-మీటర్లు. మీ అమ్మాయి 46 పక్కన ఓమ్‌లు అని రాసింది కాబట్టి ఆమె మనసులో ఉన్నది నిరోధమే, కలం నిరోధకత అంది.

తప్పు పూర్తిగా ఆ పిల్లది కూడా కాదు. మందులకు లొంగని సూక్ష్మజీవుల గురించి రాసేటప్పుడు పత్రికలు రోజూ 'యాంటీబయాటిక్ నిరోధకత' అనే అంటాయి. ఇంగ్లీషులో రెండు చోట్లా రెసిస్టెన్సే. చదివిన మాట చేతికొచ్చింది.

మీరడగకపోయినా ఒక మాట. జవాబులో 'కరెంటు' బదులు 'విద్యుత్ ప్రవాహం' అని రాయమనండి. మనకు కరెంటు అంటే ఆంపియర్లు మాత్రమే కాదు. కరెంటు పోతుంది, వస్తుంది, బిల్లవుతుంది, స్తంభమవుతుంది. ఇన్ని వేషాలు వేసే మాట లెక్కలో ఇమడదు. అలాగే 'ఓం' అని సున్నా పెట్టకుండా 'ఓమ్' అని రాస్తే ప్రణవంతో గొడవ ఉండదు. ఆయన జార్జ్ సైమన్ ఓమ్ అనే జర్మన్ శాస్త్రవేత్త, వోల్టుల్ని ఆంపియర్లతో భాగిస్తే నిరోధం వస్తుందని మనం పైన వాడిన సూత్రాన్ని 1827లో అచ్చువేయించాడు.

మార్కుల విషయంలో నాకు తోచింది చెబుతాను. నిరోధకత అన్నందుకు ఒక మార్కు తీయడం న్యాయమే, అది వేరే రాశి పేరు. శక్తి అన్నచోట మాత్రం పక్కనే 'వాట్లు' అని ఉంది కదా, నేనైతే ఎర్ర సిరాతో 'సామర్థ్యం' అని దిద్ది మార్కు వేసేవాణ్ణి.