బీబీసీ బేసిక్‌ను స్పెక్ట్రమ్‌లోకి మార్చడం: పాఠకుల ప్రశ్నలు, జవాబులు

ప్రశ్న: బడుల్లో కంప్యూటర్ చదువు కోసం 1984లో మొదలైన క్లాస్ పథకం నాటి బీబీసీ మైక్రో కంప్యూటర్ ప్రోగ్రాముల ప్రింటవుట్లు మా బడిలో దొరికాయి. వాటిని 48కె మెమరీ ఉన్న జెడ్‌ఎక్స్ స్పెక్ట్రమ్ అనే మరో పాత కంప్యూటర్ మీద నడపాలని ఉంది. రెంటి ప్రోగ్రామింగ్ భాషా బేసిక్కే కదా, టైప్ చేసే ముందు ఏం చూసుకోవాలి?

జవాబు: లెట్ లేని లైన్‌ను, ఎల్స్, రిపీట్, ప్రాక్ (పేరు పెట్టి పిలిచే ప్రోగ్రాం ముక్క) ఉన్న లైన్‌ను స్పెక్ట్రమ్ లోపలికే రానివ్వదు. ప్రశ్నార్థకం మెరిపించి అక్కడే ఆపుతుంది. వాటితో భయం లేదు. మెషీన్ ఒప్పుకుని, ఎర్రర్ చూపకుండా తప్పు జవాబిచ్చే లైన్లే ప్రాణం తీస్తాయి. అందుకే ముందుగా పెన్సిల్ పట్టుకుని ప్రింటవుట్‌లో ఆండ్, ఆర్, ఫర్, డివ్, డిమ్ ఉన్న ప్రతిచోటా సున్నా చుట్టండి.

బీబీసీలో 37 ఆండ్ 15 అంటే బిట్ల లెక్క, జవాబు 5. స్పెక్ట్రమ్‌లో కుడివైపు సంఖ్య సున్నా కాకపోతే ఎడమవైపు సంఖ్యే తిరిగి వస్తుంది, అంటే 37. కనుక x ఆండ్ 15 ఉన్నచోట x-16*ఇంట్(x/16) అని రాయండి. పోలిక నిజమైతే బీబీసీ -1 ఇస్తుంది, స్పెక్ట్రమ్ 1 ఇస్తుంది. s=s-(x>10) అన్న లైన్ అక్కడ స్కోరు పెంచుతుంది, ఇక్కడ తగ్గిస్తుంది. గుర్తు మార్చాల్సిందే.

ఫర్ లూప్ మొదటి విలువ చివరి విలువకన్నా పెద్దదైనా బీబీసీ ఒకసారి నడుపుతుంది. స్పెక్ట్రమ్ అసలు నడపదు. లూప్ వేరియబుల్ పేరు కూడా ఒక్క అక్షరమే ఉండాలి. బీబీసీలో -7 డివ్ 2 విలువ -3, స్పెక్ట్రమ్‌లో దానికి బదులు రాసే ఇంట్(-7/2) విలువ -4. రుణ సంఖ్యలు వచ్చే అవకాశం ఉంటే గుర్తును విడిగా చూసుకోండి. డిమ్ a(10) అంటే బీబీసీలో 0 నుంచి 10 దాకా 11 గదులు, స్పెక్ట్రమ్‌లో 1 నుంచి 10 వరకే. 11 గదులు అడిగి, ప్రతి సూచికకూ 1 కలపండి. పెద్ద అక్షరాల పేరు, చిన్న అక్షరాల పేరు బీబీసీకి వేర్వేరు వేరియబుల్స్, స్పెక్ట్రమ్‌కు ఒకటే. రెండూ వాడిన ప్రోగ్రామైతే ఒకదాని పేరు మార్చాలి.

ప్రశ్న: ఎల్స్, ప్రాక్ లేకుండా ప్రోగ్రాం చదవడానికి వీలుగా ఎలా రాయాలి?

జవాబు: స్పెక్ట్రమ్‌లో ఇఫ్ షరతు తప్పితే ఆ లైన్‌లో మిగిలినదంతా వదిలేస్తుంది. కనుక 100వ లైన్‌లో "ఇఫ్ x>5 దెన్ లెట్ y=1: గోటూ 120", 110వ లైన్‌లో "లెట్ y=2" పెట్టండి. ఈ రెంటినీ ఒకే లైన్‌లో ఇరికించకూడదు.

ప్రాక్‌కు బదులు గోసబ్ (చెప్పిన లైన్ నుంచి మొదలయ్యే సబ్‌రొటీన్‌ను నడిపి వెనక్కి వచ్చే కమాండ్). లైన్ నంబరు స్థానంలో వేరియబుల్‌ను స్పెక్ట్రమ్ ఒప్పుకుంటుంది కాబట్టి మొదట్లోనే "లెట్ బొమ్మ=1000" అన్నట్టు ఒక పేరు పెట్టుకుని "గోసబ్ బొమ్మ" అనవచ్చు. పేరు మాత్రం ఇంగ్లిష్ అక్షరాల్లోనే టైప్ చేయాలి. ఇది చాలా మంచి సదుపాయం, తప్పక వాడండి. ప్రధాన ప్రోగ్రాం చివర స్టాప్ మరిచిపోతే అదుపు సబ్‌రొటీన్‌లోకి జారి, 7వ నంబరు ఎర్రర్ వస్తుంది. లేని లైన్‌కు గోటూ అంటే ఎర్రర్ రాదు, దాని తర్వాతి లైన్‌కు పోతుంది. లోకల్ వేరియబుల్స్ లేవు. తనను తానే పిలుచుకునే ప్రాక్ ఉంటే దాని విలువలను అర్రేలో దాచి, తిరిగి వచ్చేటప్పుడు తీసుకోవాలి.

ప్రశ్న: బొమ్మల ప్రోగ్రాంలో గీతలు స్క్రీన్ దాటిపోయి "ఇంటిజర్ అవుట్ ఆఫ్ రేంజ్" అంటోంది.

జవాబు: బీబీసీ డ్రా చెప్పిన బిందువు దాకా గీస్తుంది. స్పెక్ట్రమ్ డ్రా ఉన్నచోటి నుంచి అంత దూరం గీస్తుంది. ప్రస్తుత స్థానం 23677 (x), 23678 (y) అడ్రసుల్లో ఉంటుంది. అడ్రసులో ఉన్న సంఖ్యను పీక్ చదివి ఇస్తుంది, కాబట్టి డ్రా x/6-పీక్ 23677, y/6-పీక్ 23678 అని రాయండి. ప్రతిసారీ అసలు స్థానం నుంచే తీసేస్తున్నాం గనుక దశాంశాల తేడా పోగుపడదు, మూసిన ఆకారం చివర్లో తెరుచుకుపోదు.

బీబీసీ కొలతలు 1280×1024, స్పెక్ట్రమ్‌లో గీయగలిగేది 256×176. xను 5తో, yను 6తో భాగిస్తే స్క్రీన్ అడ్డంగా నిండుతుంది కానీ వృత్తం కోడిగుడ్డవుతుంది. రెంటినీ 6తోనే భాగించడం మేలు. మూవ్‌కు బదులు ప్లాట్ వాడితే చుక్క పడుతుంది. చుక్క వద్దనుకుంటే ఆ రెండు అడ్రసుల్లో నేరుగా పోక్ చేయండి (పోక్ అంటే అడ్రసులో సంఖ్య రాయడం). ట్యాబ్(x,y)ని ఎట్ y,xగా తిప్పి రాయాలి.

ప్రశ్న: పేర్ల జాబితాలో వెతికితే ఉన్న పేరు కూడా దొరకడం లేదు.

జవాబు: స్పెక్ట్రమ్ స్ట్రింగ్ అర్రేలో ప్రతి గదీ ఒకే పొడవు, మిగిలిన చోట ఖాళీలు నింపుతుంది. డిమ్ a$(20,10)లో మూడక్షరాల పేరు వెనక ఏడు ఖాళీలు ఉంటాయి. a$(n, టూ 3) అని కోసి పోల్చండి. మిడ్$(a$,i,n)కు సమానం a$(i టూ i+n-1). పొడవు చాలకపోతే బీబీసీ ఉన్నంత ఇచ్చి ఊరుకుంటుంది, ఇక్కడ 3వ నంబరు ఎర్రర్ వస్తుంది. కోసే ముందు లెన్ చూసుకోండి.

ప్రశ్న: సౌండ్ కమాండ్లను బీప్‌లోకి ఎలా మార్చాలి?

జవాబు: బీబీసీ స్వరం సంఖ్యలోంచి 53 తీసి 4తో భాగించండి, కాలాన్ని 20తో భాగించండి. స్వరం 89, కాలం 10 అయితే బీప్ 0.5,9. శబ్దం 0గా ఉన్న విరామానికి కాలాన్ని 2.5తో గుణించి పాజ్ ఇవ్వండి. బీప్ మోగుతున్నంత సేపూ ప్రోగ్రాం ఆగిపోతుంది కనుక ఆటల్లో చాలా పొట్టి బీప్‌లే వాడాలి. మూడు చానెళ్ల పాటలో ముఖ్యమైన వరుస ఒక్కటే మిగుల్చుకోవాలి.

ప్రశ్న: బీబీసీ ప్రోగ్రాంలో బ్రాకెట్ల మధ్య ఉన్న 6502 (బీబీసీ ప్రాసెసర్) అసెంబ్లీని స్పెక్ట్రమ్ ప్రాసెసర్ జెడ్80లోకి లైనుకు లైను మార్చవచ్చా?

జవాబు: మార్చకండి. ఆ ముక్క ఏం పని చేస్తుందో తెలుసుకుని కొత్తగా రాయండి. ఎందుకంటే ఫ్లాగులు (లెక్క ఫలితం ఎలా వచ్చిందో ప్రాసెసర్ గుర్తుంచుకునే బిట్లు) వేరుగా నడుస్తాయి. 6502లో విలువను తెచ్చుకునే ఎల్‌డీఏ అది సున్నానా అని గమనిస్తుంది, జెడ్80లో ఎల్‌డీ ఫ్లాగుల జోలికి పోదు. దాని వెనక "ఆండ్ ఎ" పెట్టాలి. పోల్చినప్పుడు చిన్నదైతే 6502లో క్యారీ 0, జెడ్80లో 1. అందుకే క్యారీ 0 అయితే దూకే బీసీసీ ఉన్నచోట "జేఆర్ సి" వస్తుంది. ఐవై రిజిస్టర్‌ను ముట్టుకోవద్దు. స్పెక్ట్రమ్ రోమ్ దాన్ని నమ్ముకునే ఉంటుంది, అందులో 23610 ఉండాలి.

పరీక్షకు చిన్నది చేసి చూడండి. స్క్రీన్ రంగులన్నీ 56తో నింపే బేసిక్ లూప్ 22528 నుంచి 23295 వరకు 768 పోక్‌లు చేస్తుంది, కొన్ని సెకన్లు తీసుకుంటుంది. క్లియర్ 59999 ఇచ్చి, 60000 నుంచి ఈ 14 సంఖ్యలు పోక్ చేయండి: 33,0,88,17,1,88,1,255,2,54,56,237,176,201. తర్వాత రాండమైజ్ యూజర్ 60000. సెకనులో వందో వంతు కూడా పట్టదు. 16కె మోడల్‌లో మెమరీ 32767తో అయిపోతుంది, క్లియర్ 31999 ఇచ్చి 32000 నుంచి పెట్టుకోండి, ఈ సంఖ్యలు మారవు. ఒక్క సంఖ్య తప్పినా మెషీన్ బిగుసుకుపోయి ప్రోగ్రాం మొత్తం పోతుంది. నడిపే ముందే బేసిక్ భాగాన్ని ఒకసారి, కోడ్ 60000,14ను ఇంకోసారి టేపులో సేవ్ చేసి, బేసిక్ భాగాన్ని వెరిఫై కమాండ్‌తో, కోడ్‌ను వెరిఫై కోడ్‌తో సరిచూసుకోండి.