వెళ్ళిన రక్తం వెనక్కి రావాలి కదా, తమ్ముడూ

తమ్ముడూ,

రక్తప్రసరణ మీద నీ వ్యాసం చదివాను. ధవళేశ్వరం బ్యారేజీని గుండె అన్నావు, పంట కాలవల్ని రక్తనాళాలన్నావు. మన వైపు ఎవరు రాసినా ముందు చేతికొచ్చేది అదేలే. కానీ బ్యారేజీ దేన్నీ తొయ్యదు, నీళ్ళు పల్లానికి వాటంతట అవే పోతాయి, చేలు తడిపి మురుగు కాలవలో పడి సముద్రంలో కలుస్తాయి. రక్తం అలా పోతే మనిషి నిమిషం బతకడు. నీ వ్యాసంలో గుండె తోసింది, ధమనుల్లో పోయింది, కణాలకు ఆక్సిజన్ అందింది, శుభం కార్డు! వెనక్కి రావడం ఏదీ?

1628లో ఇంగ్లండ్ వైద్యుడు విలియం హార్వీ లోకం ముందు పెట్టింది ఆ వెనక్కి రావడం సంగతే. లెక్క నువ్వే వేసుకో. గుండె ఒక్కసారి కొట్టుకుంటే సుమారు 70 మిల్లీలీటర్లు, నిమిషానికి 70 సార్లు, అంటే దాదాపు 5 లీటర్లు. ఒంట్లో ఉన్న రక్తమే అటూ ఇటూగా అంత. గంటకు 300 లీటర్లు తిన్న అన్నంలోంచి కొత్తగా పుడతాయా? అప్పటిదాకా పెద్ద పెద్ద వైద్యులు ఇంచుమించు అలాగే అనుకున్నారు మరి. పాఠకుడికి ముందు ఈ లెక్క చెప్పు, కర్ణికలూ జఠరికలూ అంటూ గుండె గదుల పేర్లు తర్వాత. రక్తాన్ని గుండె నుంచి తీసుకెళ్ళే ధమనుల్నీ, వెనక్కి తెచ్చే సిరల్నీ కలిపే సన్నటి గొట్టాలు, కేశనాళికలు, హార్వీ చూడనేలేదు, ఆయన పోయాక 1661లో ఇటలీ వైద్యుడు మాల్పీజీ కప్ప ఊపిరితిత్తుల్లో చూశాడు.

ఇప్పుడు పుస్తకం మూసి, మోచేతి పైన తువ్వాలు కట్టుకో, మరీ బిగించకు. పిడికిలి నాలుగుసార్లు మూసి తెరిస్తే ముంజేతి మీద నరాలు ఉబ్బుతాయి (మనం నరాలంటాం గానీ అవి సిరలు). ఒకదాన్ని మణికట్టు వైపు వేలితో నొక్కిపట్టి, రెండో వేలితో రక్తాన్ని మోచేతి వైపు నెట్టు. మొదటి వేలు తియ్యకు. సిర లోపల రక్తాన్ని వెనక్కి జారనివ్వని తలుపు లాంటి కవాటం ఉంటుంది, అక్కడిదాకా సిర చదునుగా ఉండిపోతుంది, పైన ఉన్న రక్తం కిందికి దిగదు. వేలు తీశావా, కింది నుంచి నిండుతుంది. హార్వీ చూపించిందీ ఇదే. తువ్వాలు విప్పెయ్, వెంటనే రాయి.

అన్నట్టు, ధమనుల్లో మంచి రక్తం, సిరల్లో చెడ్డ రక్తం అని రాశావు, అది కొట్టెయ్. గుండె నుంచి ఊపిరితిత్తులకు వెళ్ళే ధమనిలో ఉండేది ఆక్సిజన్ తక్కువున్న రక్తమే.

కాళ్ళ దగ్గర మాత్రం తీరిగ్గా ఆగు. అంత కింది నుంచి పైకి రావాలంటే గుండె తోపు ఒక్కటే చాలదు, నడుస్తుంటే పిక్కల కండరాలు సిరల్ని నొక్కుతాయి, కవాటాలు జారనివ్వవు. రోజంతా ఒకేచోట నిలబడి కొబ్బరికాయలు ఒలిచేవాళ్ళు మీ కోనసీమలో ఉన్నారు కదా, కవాటాలు పాడైతే పిక్కల మీద సిరలు మెలికలు తిరిగి ఉబ్బుతాయి. వాళ్ళ దగ్గర కూర్చుని సాయంత్రానికి కాళ్ళు ఎలా ఉంటాయో అడుగు, వాళ్ళన్న మాట అన్నట్టే రాసుకో. మందుల పేర్లు మాత్రం రాయకు.